కృత్రిమ ప్రకృతి మీద ఫోటో సిరీసా? అతుకు దగ్గర కెమెరా పెట్టండి

మీ ప్రశ్నలో నాకు అర్థమైంది ఇది. జూలు, అక్వేరియాలు, గాజు తోటలు, మాల్ మధ్యలో సిమెంటు జలపాతాలు, పైకప్పు కింద బీచ్‌లు, ఇలా మనిషి తన కోసం కట్టుకున్న ప్రకృతి మీద ఫోటో సిరీస్ చేస్తున్నారు, ఫోటోలు చాలా అందంగా వస్తున్నాయి, ఆ అందమే మిమ్మల్ని ఇబ్బంది పెడుతోంది, నేను దీన్ని ప్రశ్నిస్తున్నానా లేక దీనికే ప్రచారం చేసిపెడుతున్నానా అని. మీ ఫ్రెండ్ ఒకరేమో ఈ నకిలీవన్నీ ఎందుకు, నిజమైన అడవికెళ్లి తీయొచ్చు కదా అన్నారు. ఆఖర్న గాజు మీద రిఫ్లెక్షన్ ఎలా తప్పించాలి అని అడిగారు. ముందు పెద్ద విషయం చెప్పి తర్వాత గాజు దగ్గరికొస్తా, కొంచెం పొడుగే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

నా పని ఏంటంటే నేచురల్ హిస్టరీ మ్యూజియంలకి డయోరామాలు చేయడం, పాతవి బాగుచేయడం. గాజు వెనక జంతువు, దాని కాళ్ల దగ్గర మేం చేసిన గడ్డి, వెనక వంపు గోడ మీద గీసిన ఆకాశం, అదన్నమాట. అంటే మీరు ప్రశ్నించాలనుకుంటున్న వస్తువుని తయారుచేసే వైపు నుంచి మాట్లాడుతున్నాను. ఈ పనిలో ఇన్నేళ్లు ఉన్నాక నాకు గట్టిగా అనిపించేది ఒకటే, నకిలీ అన్నది అసలు సబ్జెక్టే కాదు. ప్లాస్టిక్ చెట్టు ప్లాస్టిక్‌దని చూసే ప్రతి ఒక్కరికీ తెలుసు, ఆ సంగతి చెప్పడానికి మీ ఫోటో అక్కర్లేదు. చూపించాల్సింది కంట్రోల్‌ని. ఆ నీళ్లు ఎవరు వదిలితే పడుతున్నాయి, ఆ చెట్టు ఎవరు కత్తిరిస్తే ఆ ఎత్తులో ఆగింది, ఫ్రేమ్‌లోంచి ఎవరిని తీసేస్తే ఆ చోటు అంత ప్రశాంతంగా ఉంది. వెనకున్న చేతిని దాచిపెట్టే ఆర్ట్ ఒక రకం, దాన్ని బయటపెట్టే ఆర్ట్ ఇంకో రకం. మీ ఫోటోలు ఎటువైపు అన్నది అందాన్ని బట్టి తేలదు, ఆ చెయ్యి కనపడుతోందా లేదా అన్నదాన్ని బట్టి తేలుతుంది.

మా పనిలో టై-ఇన్ అంటాం. ముందున్న మట్టి, రాళ్లు, గడ్డి వెళ్లి వెనక గీసిన బొమ్మలో కలిసే చోటు, అంటే అతుకు. అక్కడ గీత కనపడిందంటే మొత్తం పని పోయినట్టే, అందుకే ఎక్కువ శ్రమ అక్కడే పడుతుంది, ఒక పొదో ఒక గట్టో అడ్డం పెట్టి ఆ గీతని మాయం చేస్తాం, జంతువు నీడ గోడ మీద పడకుండా లైట్లు సర్దుతాం, ఎందుకంటే ఆకాశం మీద దుప్పి నీడ పడితే అది ఇక ఆకాశం కాదు. న్యూయార్క్‌లో అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీలో జేమ్స్ పెర్రీ విల్సన్ అని ఒకాయన ఉండేవారు, అంతకుముందు ఆర్కిటెక్ట్, వంపు గోడ మీద మామూలుగా గీస్తే దూరాలు సాగిపోయినట్టు కనపడతాయి కాబట్టి ఫోటోల మీద గళ్లు గీసి, ఆ గళ్లని లెక్క ప్రకారం గోడ మీదకి ఎక్కించి, చూసేవాడి కన్ను ఎక్కడ ఉంటుందో అక్కడి నుంచి సరిగ్గా ఆనేలా గీసేవారు. ఈ పనిలో ఉన్నవాళ్లు ఆయన ఆకాశాల గురించి మాట్లాడేటప్పుడు గొంతు మారిపోతుంది, నాక్కూడా.

ఆ మ్యూజియంలోనే ఏక్లీ హాల్ ఉంది, ఆఫ్రికా జంతువులవి 28 డయోరామాలు, 1936లో తెరిచారు. కార్ల్ ఏక్లీ అంటే చర్మంలో గడ్డి కుక్కే పాత పద్ధతిని పక్కనపెట్టి, ముందు బంకమట్టితో కండరాలతో సహా జంతువు శిల్పం చేసి, దాని నుంచి తేలికపాటి అచ్చు తీసి, దాని మీద చర్మం తొడిగే పద్ధతిని నిలబెట్టినాయన. 1921లో ఆయన ఇప్పటి కాంగోలో మ్యూజియం కోసం గొరిల్లాలని వేటాడాడు. అదే మనిషి ఆ తర్వాత వాటిని కాపాడాలని వెంటపడి బెల్జియం రాజుని ఒప్పించాడు, 1925లో ఆల్బర్ట్ నేషనల్ పార్క్ వచ్చింది, ఇప్పుడు విరుంగా అంటున్నది దాన్నే. 1926లో ఆ కొండల్లోనే చనిపోయాడు, అక్కడే సమాధి చేశారు. చంపడం, ప్రేమించడం, కాపాడటం మూడూ ఒకే మనిషి చేశాడు, మూడూ మనస్ఫూర్తిగానే చేశాడు. కానీ గాజు ముందు నిలబడ్డవాళ్లకి గొరిల్లా కనపడుతుంది, కొండలు కనపడతాయి, తుపాకీ కనపడదు. డయోరామా అనే కళ పని చేసేదే అలా.

హిరోషి సుగిమోతో అనే జపాన్ ఫోటోగ్రాఫర్ 1976లో ఇవే డయోరామాలని తీయడం మొదలుపెట్టాడు. ఒక కన్ను మూసుకుని చూస్తే లోతు పోయి అవి నిజంలా కనపడతాయని గమనించాడు, కెమెరాకి ఉన్నది ఒక్క కన్నే కదా. పెద్ద ఫార్మాట్ కెమెరా, బ్లాక్ అండ్ వైట్, లాంగ్ ఎక్స్‌పోజర్, బోర్డులు, చెక్క ఫ్రేమ్ ఏవీ లేకుండా లోపలి దృశ్యం మాత్రమే. మంచు మీద సీల్ పక్కన నిలబడ్డ ధ్రువపు ఎలుగుబంటి ఫోటో చూసి చాలామంది అసలు ఆర్కిటిక్‌లో తీశాడనుకున్నారు. ఇందులో ఆయన మోసం చేయలేదు, ఫోటో పేర్లలో సిరీస్ పేరు డయోరామాలు అనే ఉంటుంది, అది చదివాక మళ్లీ ఫోటో చూస్తే ఇంతసేపు నమ్మింది మన కన్నే అని మనకే తెలుస్తుంది. ఆయన అతుకుని జంతువు పక్కనుంచి తీసి చూసేవాడి తలలోకి మార్చాడు, నాకు ఆ సిరీస్ మీద ఉన్న గౌరవం అందుకే. మీ అందం భయానికి సగం జవాబు ఇక్కడే ఉంది. అందాన్ని తగ్గించక్కర్లేదు, అది పూర్తిగా పనిచేశాక దాని వెనకున్నది తెలిసే దారి ఒకటి తెరిచి ఉంచాలి.

ఇప్పుడు మీ ఫ్రెండ్ మాట. నిజమైన అడవికెళ్లి తీయమన్నారు కదా. నయాగరా తీసుకోండి, 1857లో ఫ్రెడరిక్ చర్చ్ అనే పెయింటర్ దాన్ని గీశాడు, మన కాళ్ల కింద ఒడ్డు లేకుండా నీళ్ల అంచు మీదే నిలబెట్టినట్టు ఉంటుంది, అప్పటికే ఒడ్డంతా హోటళ్లు, మిల్లులు, టూరిస్టులే. సరే అది పెయింటింగ్. ఇవాళ్టి సంగతి ఏంటంటే 1950లో అమెరికా, కెనడా ఒప్పందం రాసుకున్నాయి, టూరిస్ట్ సీజన్లో పగటిపూట సెకనుకి కనీసం 1,00,000 ఘనపుటడుగుల నీళ్లు జలపాతం మీదుగా వదలాలి, మిగతా టైములో 50,000 చాలు, మిగిలింది కరెంటు తయారీకి మళ్లించుకోవచ్చు. అంటే మనుషులు చూసే టైముని బట్టి జలపాతం సైజు మారుతుంది. 1969లో అయితే అమెరికా వైపు జలపాతాన్ని అడ్డుకట్ట వేసి కొన్ని నెలలు పూర్తిగా ఆపేశారు, కింద పడ్డ బండలు తీసేస్తే చూడటానికి ఇంకా బాగుంటుందా, అసలు రాయి ఎలా ఉంది అని చూడటానికి, చివరికి బండల్ని అలాగే వదిలేశారు. నయాగరాని నేను తక్కువ చేసి మాట్లాడట్లేదు, అది మహా అద్భుతమే, కానీ దాని ముందు నిలబడి తీసిన ఫోటో పూర్తిగా సహజం, అక్వేరియం ముందు తీసింది నకిలీ అని గీత గీయడం కుదరదు, రెండు చోట్లా ఒక కంట్రోల్ రూమ్ ఉంది, ఒకచోట ఇంకాస్త దూరంగా ఉందంతే.

అమెరికాలోనే యోసెమిటీ లోయ కథ ఇంకా బరువైంది. 1861లో కార్లటన్ వాట్కిన్స్ పెద్ద పెద్ద గాజు ప్లేట్లు మోసుకెళ్లి ఆ లోయని తీశాడు, మనుషుల అడుగు పడనట్టుండే ఆ ఫోటోలు లోయకి దేశమంతా పేరు తెచ్చాయి, 1864 జూన్ 30న లింకన్ ఆ లోయని రక్షించే చట్టం మీద సంతకం పెట్టాడు. ఫోటో వల్ల ఒక చోటు నిలబడింది, గొప్ప విషయమే. కానీ వాట్కిన్స్ వెళ్లడానికి పదేళ్ల ముందే, 1851లో, సాయుధ దళం వచ్చి ఆ లోయలో తరతరాలుగా ఉన్న అవానీచీ ప్రజలని తరిమింది. అందరూ మెచ్చుకున్న ఆ విశాలమైన పచ్చిక మైదానాలు కూడా వాటంతటవి అలా లేవు, ఆ జనం క్రమం తప్పకుండా పొదలు కాల్చి అలా ఉంచారు. తోటమాలిని పంపేసి, తోటని చూసి ఇది మనిషి చెయ్యి పడని చోటు అన్నారు. 1927లో ఆన్సెల్ ఆడమ్స్ అక్కడే హాఫ్ డోమ్ కొండని తీసినప్పుడు ముదురు ఎర్ర ఫిల్టర్ వేసి పగటి ఆకాశాన్ని దాదాపు నల్లగా చేశాడు, తన కంటికి కనపడింది కాకుండా తనకి అనిపించింది రావాలని. అది తప్పని నేను అనను, అది ఫోటోగ్రఫీలో ఒక గొప్ప రోజు. మీ ఫ్రెండ్‌కి మాత్రం చెప్పండి, అడవిలోకి వెళ్లినా ఈ ప్రశ్న మీ వెంటే వస్తుందని.

ఇది కెమెరాతో మొదలైంది కూడా కాదు. 18వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో ప్రకృతి చూడ్డానికెళ్లే వాళ్లు క్లాడ్ గ్లాస్ అని కాస్త ఉబ్బెత్తుగా ఉండే నల్లటి అద్దం జేబులో పెట్టుకుని వెళ్లేవాళ్లు, కొండకి వీపు తిప్పి నిలబడి, అద్దంలో చిన్నగా, మసక రంగుల్లో, క్లాడ్ లొరైన్ పెయింటింగ్‌లా కనపడే కొండని చూసేవాళ్లు. కవి థామస్ గ్రే 1769లో లేక్ డిస్ట్రిక్ట్‌లో ఆ అద్దం చూసుకుంటూ వెనక్కి పడి వేళ్లు గీరుకున్నాడు, తనే రాసుకున్నాడు. అదే కాలంలో కేపబిలిటీ బ్రౌన్ అనే తోటల డిజైనర్ డబ్బున్నవాళ్ల ఎస్టేట్లలో నదులు మళ్లించి చెరువులు కట్టి, కొండలు తవ్వి, అదంతా ఎప్పటినుంచో అలాగే ఉన్నట్టు చేశాడు. ఆ తోటల్లో హా-హా అని ఒకటి ఉంటుంది, కింద కందకంలో దిగేసిన గోడ, ఇంట్లోంచి చూస్తే పచ్చిక ఎక్కడా ఆగకుండా దూరంగా మేసే పశువుల దాకా సాగిపోయినట్టుంటుంది, పశువులు మాత్రం ఇటు దాటి రాలేవు. కంచె ఉంది, కనపడదు, అంతే తేడా. డోర్సెట్‌లో మిల్టన్ అనే దొర తన ఇంటి ముందు ఊరు కంటికి అడ్డమని ఊరికి ఊరే పడగొట్టించి వేరే చోట కొత్త ఇళ్లు కట్టించాడు, ఆ ఎస్టేట్ తోట బ్రౌన్‌దే. ఇంత ప్రశాంతమైన దృశ్యాల గురించి చదివేటప్పుడు నేను మొదట వెతికేది అక్కడి నుంచి ఎవరిని లేపేశారు అన్నదే.

జంతువుల విషయానికొస్తే మీరు పంపిన వాటిలో జూ ఫోటోలే ఎక్కువ ఉన్నాయి కాబట్టి కొంచెం నిక్కచ్చిగా చెప్తా. కటకటాల వెనక దిగులుగా చూసే కోతి ముఖం తీయకండి. అది చూసినవాళ్లు అయ్యో అనుకుని పేజీ తిప్పేస్తారు, పైగా ఆ కోతి నిజంగా దిగులుగా ఉందో లేదో ముఖం చూసి చెప్పలేం. కటకటాలు లేని జూ అనే ఆలోచనే ఒక పెద్ద కళాప్రయోగం, కార్ల్ హాగెన్‌బెక్ 1907లో హాంబర్గ్ దగ్గర తెరిచాడు, కందకాలు దాచిపెట్టి, కృత్రిమ బండలు కట్టి, సింహాలు, వాటి ముందు వేరే జంతువులు ఒకే దృశ్యంలో తిరుగుతున్నట్టు, అంటే ఇంగ్లండ్ తోటలో హా-హా ఏం చేసిందో అదే ఇక్కడ సింహంతో చేశాడు. లండన్ జూలో లుబెట్కిన్ అనే ఆర్కిటెక్ట్ 1934లో కట్టిన పెంగ్విన్ పూల్ ఇంకో దారి, అది ప్రకృతిలా నటించదు, తెల్లటి కాంక్రీటు ర్యాంపులు రెండు ఒకదాని చుట్టూ ఒకటి మెలి తిరిగి ఉంటాయి, శిల్పంగా చూస్తే అద్భుతం, కానీ 2004లో పెంగ్విన్‌లని అక్కడి నుంచి తీసేశారు, ఆ కాంక్రీటు వాటి పాదాలకి పడలేదు. ఇప్పుడు కట్టడాన్ని వారసత్వంగా కాపాడుతున్నారు, లోపల పెంగ్విన్‌లు లేవు. ఖాళీ పూల్ ఫోటో ఒక్కటి చాలు, అది ఎవరి కోసం కట్టారో చెప్పడానికి. కాండిడా హ్యూఫర్ తీసిన జూ ఫోటోలు వెతికి చూడండి, జంతువు మధ్యలో చిన్నగా ఉంటుంది, గది మొత్తం కనపడుతుంది, గోడ మీద గీసిన అడవి, నేల టైల్స్, మురుగు జాలీ. ఆమె ఎక్కడా జాలి అడగదు, గదిని చూడమంటుంది. పక్షుల బొమ్మలకి పేరుపడ్డ ఆడుబాన్ కూడా ఇదే కోవలోకి వస్తాడు, కాల్చిన పక్షిని తీగలతో గళ్ల బోర్డు మీద బతికున్నట్టు నిలబెట్టి గీసేవాడు, అన్నీ అసలు సైజులోనే గీయాలని పట్టు కాబట్టి ఫ్లెమింగో మెడ కిందకి వంచక తప్పలేదు, లేకపోతే కాగితంలో పట్టదు. ఆ వంపు చూసి ఎంత సహజంగా ఉందో అనుకుంటాం, దాన్ని వంచింది కాగితం సైజు.

చేతిని బయటపెట్టిన వాళ్ల దగ్గరికొద్దాం, మీరు ఎక్కువ టైం గడపాల్సింది వీళ్లతోనే. హాన్స్ హాకే 1972లో జర్మనీలో క్రెఫెల్డ్ మ్యూజియంలో రైన్ నది మురికి నీళ్లు తెచ్చి పెట్టాడు, పైపులు, బొగ్గు, ఇసుక ఫిల్టర్లు, శుభ్రమైన నీళ్లు గోల్డ్‌ఫిష్ ఉన్న తొట్టిలోకి, మిగిలినవి వెనక తోటకి. నీళ్లు అందంగా మెరుస్తాయి, కానీ ఆ మెరుపు ఎన్ని మెషీన్లు దాటి వచ్చిందో అదే గదిలో కనపడుతుంది. ఒలాఫుర్ ఎలియాసన్ 2003లో లండన్ టేట్ మోడర్న్ టర్బైన్ హాల్‌లో సూర్యుడిని పెట్టాడు, పసుపు దీపాల అర్ధవృత్తం, పైకప్పు నిండా అద్దం కాబట్టి పూర్తి వృత్తంలా కనపడుతుంది, పొగమంచు మెషీన్. 20 లక్షల మందికి పైగా వచ్చారు, నేల మీద పడుకుని ఎండలో ఉన్నట్టు ఉండిపోయారు. ఎలియాసన్ దీపాల వెనక భాగాన్ని మూసేయలేదు, అటు నడిచి వెళ్తే తీగలు, ఫ్రేమ్, బల్బులు అన్నీ కనపడతాయి, అయినా తిరిగి వచ్చి మళ్లీ పడుకున్నారు జనం. నాకు ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే మా పనిలో పెద్ద భయం అతుకు కనపడితే అనుభూతి పోతుందనే, అక్కడ 20 లక్షల మంది దగ్గర పోలేదు.

2019లో ఆస్ట్రియాలో క్లాగెన్‌ఫర్ట్ ఫుట్‌బాల్ స్టేడియంలో క్లౌస్ లిట్‌మన్ 299 చెట్లు తెచ్చి గ్రౌండ్‌లో నిలబెట్టాడు, చుట్టూ 30,000 సీట్లు, రాత్రి ఫ్లడ్‌లైట్లు, టికెట్ లేదు. మాక్స్ పైంట్నర్ అనే ఆయన 1970 ప్రాంతంలో గీసిన ఒక డ్రాయింగ్ దానికి ఆధారం, అందులో జనం స్టేడియంలో కూర్చుని అడవిని మ్యాచ్‌లా చూస్తుంటారు. చెట్లు చూడాలంటే ఆ ఊరి చుట్టూ కొండల నిండా అడవే ఉంది, జనం మాత్రం స్టేడియానికి వచ్చి సీట్లో కూర్చుని చూశారు. దాని గురించి రాసినవాళ్లు ఎక్కువమంది వాతావరణ మార్పు మీద హెచ్చరికగా రాశారు, అది నిజమే, నాకైతే అందులో బలమైన భాగం ఆ సీట్లే, మనం ప్రకృతిని ఎక్కడి నుంచి చూస్తున్నామో అవి చూపించాయి.

వీటన్నింటికంటే నన్ను ఎక్కువ కదిలించేది మాత్రం పైకి ఏమీ లేనట్టుండేది. న్యూయార్క్‌లో వూస్టర్ స్ట్రీట్‌లో ఒక బిల్డింగ్ రెండో అంతస్తులో వాల్టర్ డి మరియా 1977లో చేసిన ఎర్త్ రూమ్, 3,600 చదరపు అడుగుల ఫ్లాట్ నిండా 22 అంగుళాల మందం మట్టి, అంతే, గుమ్మం దగ్గర నిలబడి చూసి వెళ్లిపోవాలి. మట్టి బతికుంది, తడి ఉంది, కాబట్టి ఏదో ఒకటి మొలుస్తుంది, పుట్టగొడుగులు వస్తాయి. అందుకని ఒక మనిషి దశాబ్దాల పాటు దానికి నీళ్లు పెట్టి, గీకి చదును చేసి, మొలిచినవి పీకేస్తూ వచ్చాడు. ఏమీ పెరగకుండా ఉంచడానికి కూడా ఆగకుండా పని చేయాలి. ఆ ఊళ్లోనే అలన్ సాన్‌ఫిస్ట్ 1978లో టైమ్ ల్యాండ్‌స్కేప్ నాటాడు, యూరప్ వాళ్లు రాకముందు మాన్‌హాటన్‌లో ఉండే చెట్లతో ఒక చిన్న స్థలంలో అడవి, చుట్టూ కంచె. పాత అడవిని పాత అడవిలానే ఉంచాలంటే తర్వాత కాలంలో వచ్చిన మొక్కలు లోపలికి పాకకుండా చూడాలి, గాలి, పిట్టలు తెచ్చే విత్తనాలని ఏం చేయాలో నిర్ణయించాలి. ప్రకృతికి విడిచిపెట్టాం అనుకున్న చోట కూడా ఏది ప్రకృతో ఎవరో ఒకరు నిర్ణయిస్తున్నారు. మీ సిరీస్‌లో ఆ నిర్ణయించే మనిషి ఉండాలి అని నేను పట్టుబట్టేది ఇందుకే.

ఆర్ట్ పేరుతో ప్రాణాలు వాడుకునే పనుల మీద మాత్రం నాకు ఓపిక లేదు. డేమియన్ హర్స్ట్ సీతాకోకచిలుకల గది 2012లో టేట్‌లో పెట్టినప్పుడు ప్రదర్శన అయ్యేసరికి 9,000 పైగా చనిపోయాయి. మన కంట్రోల్‌ని ప్రశ్నించడానికి అదే కంట్రోల్‌ని ఇంకో గదిలో ఇంకోసారి చేసి చూపించడం నాకు సరిపోదు.

అలాగని కంట్రోల్ అంతా చెడ్డదని మీ సిరీస్ చెప్పకూడదు, అది నిజం కాదు. వాషింగ్టన్‌లో నేషనల్ ఆర్బొరేటం అనే చెట్ల తోటలో ఒక తెల్ల పైన్ బోన్సాయ్ ఉంది, 1625 నుంచి పెంచుతున్నది, యమాకి కుటుంబానిది. 1945లో హిరోషిమాలో బాంబు పడ్డప్పుడు వాళ్ల నర్సరీ గోడ వెనక ఉండి బతికింది, 1976లో జపాన్ నుంచి అమెరికాకి కానుకగా వచ్చింది, దాని కథ అక్కడివాళ్లకి తెలిసింది 2001లో ఆ కుటుంబం మనవలు చూడ్డానికి వచ్చినప్పుడు. వేర్లు కత్తిరించి, కొమ్మలకి తీగ చుట్టి, తొట్టిలో పెట్టడం కంటే పెద్ద కంట్రోల్ ఏముంటుంది, కానీ తరం తర్వాత తరం రోజూ నీళ్లు పెట్టకపోతే అది లేదు. పట్టుకున్న చెయ్యి వదలకుండా ఉండిపోయింది. డేవిడ్ నాష్ 1977లో వేల్స్‌లో 22 ఆష్ అనే రకం చెట్లని వృత్తంలో నాటి, కోసి, వంచి, ఒక గోపురంలా పెంచుకుంటూ వచ్చాడు, తన జీవితం కంటే ఎక్కువ కాలం ఉండాలని. ఆష్ చెట్లని చంపే శిలీంధ్రం యూరప్ అంతా పాకి దానికీ వచ్చింది. 2019లో ఆయన చనిపోతున్న వృత్తం చుట్టూ ఓక్ మొక్కల వృత్తం ఇంకోటి నాటాడు. వంచడం ఎక్కడ ఆగుతుందో, చూసుకోవడం ఎక్కడ మొదలవుతుందో చెప్పడం కష్టమయ్యే పనులివి, మీ సిరీస్ మధ్యలో ఇలాంటి చోటు ఒక్కటైనా ఉంటే మిగతా ఫోటోలన్నీ వేరేగా కనపడతాయి.

ఇక మీరు చేయాల్సిన పని. జపాన్‌లో మియాజాకిలో ఓషన్ డోమ్ అని ఉండేది, 1993లో తెరిచారు, 2007లో మూసేశారు, తెరుచుకునే పైకప్పు కింద ఇసుక, అలలు, గీసిన ఆకాశం, నడిచి వెళ్లేంత దూరంలో అసలు సముద్రం. మార్టిన్ పార్ 1996లో అక్కడ తీసిన ఫోటో చూడండి, ముందు కిక్కిరిసిన జనం, వెనక నీలి ఆకాశం, అది గోడ అని తెలియడానికి ఒక క్షణం పడుతుంది. అందులో జనం హాయిగా ఉన్నారు, ఆయన ఆ హాయిని తీసేయలేదు. మీ ఫోటోల్లో మనుషులు లేరు, అది నాకు పెద్ద లోటుగా అనిపించింది. మనుషులు లేకుండా తీస్తే మీరూ వాట్కిన్స్ చేసిందే చేస్తున్నారు, ఖాళీ చేసి చూపిస్తున్నారు. సందర్శకులు కావాలి, వాళ్లకంటే ముఖ్యంగా పనివాళ్లు కావాలి, అక్వేరియంలో నాచు గీకే డైవర్, గాజు తోటలో ఎండుటాకులు ఏరే మనిషి, పొద్దున్నే కృత్రిమ బండల మీద పైపుతో నీళ్లు కొట్టే అమ్మాయి. వాళ్లని బిత్తరపోయినట్టో చిన్నగానో చూపించకండి, ఆ ప్రకృతి నడుస్తోందంటే వాళ్ల వల్లే. వాళ్లతో మాట్లాడండి, కరెంటు పోతే ఇక్కడ ముందు ఏది చచ్చిపోతుంది అని అడగండి, ఎంతసేపట్లో అని అడగండి, ఆ జవాబే క్యాప్షన్. గోడ మీద ఆకాశం నేలని తాకే మూల, పాము గది వెనక తలుపు, చెట్టు బోదెలోంచి బయటికొచ్చిన స్పీకర్ తీగ, ఇవన్నీ ఫ్రేమ్ అంచులోకి రానివ్వండి. అందమైన ఫోటోలు తీసేయొద్దు, వాటి పక్కనే అదే చోటు వెనక వైపు నుంచి తీసింది పెట్టండి, అంతకంటే వ్యాఖ్యానం అక్కర్లేదు. ఎడిటింగ్‌లో పచ్చదనం పెంచడం మానండి, అక్కడి లైట్ల రంగు ఎలా ఉందో అలాగే ఉండనివ్వండి, మొక్కలు పెరగడానికి పెట్టే ఆ ఊదా రంగు గ్రో లైట్ కూడా కథలో భాగమే.

గాజు విషయం. మంచి డయోరామాల్లో గాజు పైభాగం చూసేవాడి వైపు వంగి ఉంటుంది, రిఫ్లెక్షన్ నేల వైపు పోవాలని. మెత్తటి రబ్బరు హుడ్ లెన్స్‌కి తగిలించి గాజుకి ఆనించండి, చుట్టూ నల్లగుడ్డ కప్పండి, మీరూ నల్ల బట్టలే వేసుకోండి. పోలరైజర్ ఫిల్టర్ ఎదురుగా నిలబడి తీస్తే ఏమీ చేయదు, ఏటవాలుగా ఉన్నప్పుడే పనిచేస్తుంది, అక్వేరియంలో మందపాటి యాక్రిలిక్ అయితే పోలరైజర్ వల్ల ఇంద్రధనస్సు చారలు రావొచ్చు, ఏటవాలుగా తీస్తే అంచులు రంగులు విరిగి మసకబారతాయి, కాబట్టి అక్కడ ఫిల్టర్ తీసేసి సూటిగా ఆనించి తీయడమే మేలు. ప్రతి చోటా రెండు తీయండి, రిఫ్లెక్షన్ లేకుండా ఒకటి, గాజులో ఎదురుగా ఉన్న జనం, ఎగ్జిట్ బోర్డు పడేలా ఒకటి, ఏది పెట్టాలో సీక్వెన్స్ చేసేటప్పుడు చూసుకోవచ్చు. ట్రైపాడ్‌కి చాలా చోట్ల ఒప్పుకోరు, ముందే రాసి పర్మిషన్ అడగండి, తెరవడానికి ముందు టైమే అడగండి, క్లీనింగ్ జరిగేది కూడా సాధారణంగా అప్పుడే.